రైట్ చేశాం సరే, ఆగేదెవరు?

ఫైల్‌లోకో నెట్‌వర్క్‌లోకో డేటాని ఎసింక్‌గా, అంటే రాసే పని పూర్తయ్యేదాకా ఆగకుండా, రాస్తే ఫాస్ట్. ఈ ముక్క మన ప్రోగ్రామర్లలో ఎంత లోతుకి దిగిపోయిందంటే అమీర్‌పేట కోచింగ్ నోట్స్ నుంచి ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళ స్లైడ్ల దాకా అదే మాట, "నాన్ బ్లాకింగ్ కాబట్టి పెర్ఫార్మెన్స్ బాగుంటుంది". ఇంటర్వ్యూలో ఇదే చెప్తారు, అడిగినవాళ్ళు తలూపుతారు, తర్వాత ప్రశ్నకి వెళ్ళిపోతారు. చదివే వైపు సంగతి వదిలేయండి, డేటా వచ్చేదాకా మన చేతిలో ఏమీ ఉండదు కాబట్టి ఎలాగూ ఆగాల్సిందే. తిరకాసంతా రాసే వైపే. ఔట్‌పుట్ స్ట్రీమ్‌లోకి (డేటా బయటికి పోయే దారి) ఎసింక్‌గా రాశాం అంటే మన సరుకు ఇంకొకరి చేతిలో పెట్టి వచ్చేశాం అని అర్థం. ఆ ఇంకొకరి దగ్గర చోటెంత ఉంది, వాళ్ళు నిజంగా రాశారా, రాయలేకపోతే మనకి ఎప్పుడు తెలుస్తుంది, ఈ మూడూ ఎవరూ అడగరు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రైట్ అనే పని ఆగాలి. ఆగకుండా ముందుకు పోవడమే డిఫాల్ట్‌గా పెట్టిన ప్రతి లైబ్రరీ డిజైన్‌లో తప్పు చేసిందని నా ఉద్దేశం. ఆగక్కర్లేని చోట్లు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికి చివర్లో వస్తా.

ముందు రైట్ అంటే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. లినక్స్‌లో ఒక మామూలు ఫైల్ తెరిచి పాతకాలం సీ పద్ధతిలో రైట్ కొట్టారనుకోండి, అవెయిట్ (ఈ పని అయ్యేదాకా ఇక్కడ ఆగు అనే మాట) లేదు, కాల్‌బ్యాక్ (పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్) లేదు, శుద్ధ సింక్రనస్, కాల్ తిరిగొచ్చేదాకా ఆగడమే. ఆ కాల్ తిరిగొచ్చేసరికి బైట్లు డిస్క్ మీద ఉన్నాయా అంటే లేవు. కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) వాటిని మెమరీలో ఉన్న తన పేజ్ కాష్‌లోకి కాపీ చేసుకుని, ఇన్ని బైట్లు తీసుకున్నానని ఒక అంకె చేతిలో పెట్టి పంపించేసింది, అంతే. మామూలు సెట్టింగ్స్‌లో ఫ్లషర్ థ్రెడ్లు (కెర్నెల్‌లో వెనకాల విడిగా నడిచే పనివాళ్ళు) 5 సెకన్లకోసారి నిద్రలేస్తాయి, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలు (ఇంకా డిస్క్‌కి చేరనివి) కనిపిస్తే డిస్క్‌కి తోస్తాయి. ఈలోపు కరెంటు పోతే ఆ డేటా పోయినట్టే. పోకూడదు అనుకుంటే ఎఫ్‌సింక్ (ఇప్పుడే డిస్క్‌కి రాసేయ్ అని కెర్నెల్‌కి చెప్పే కాల్) విడిగా పిలవాలి, కొత్తగా పుట్టిన ఫైల్ అయితే అది ఉన్న డైరెక్టరీకి కూడా పిలవాలి (ఈ రెండోది పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా మర్చిపోతారు). అంటే మనం సింక్ అని పిలుచుకునే రైటే నిజానికి ఎసింక్, మనం ప్రామిస్‌లూ టాస్క్‌లూ (పని తర్వాత అవుతుంది అనే హామీ చీటీలు) పెట్టి చేసేది దాని పైన ఇంకో బఫర్ (డేటా తాత్కాలికంగా ఆగే చోటు) పేర్చడం.

అయితే కెర్నెల్ బఫర్‌కీ మనం పేర్చేదానికీ ఒక తేడా ఉంది, నా గొడవంతా ఆ తేడా గురించే. కెర్నెల్ ఆ డర్టీ పేజీలని ఎంతంటే అంత పెరగనివ్వదు. అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం దాటితే వెనకాల రాయడం మొదలుపెడుతుంది, 20 శాతం దగ్గరికి వస్తే ఇక రాస్తున్న ప్రోగ్రామ్‌నే పట్టుకుని నిలబెట్టేస్తుంది, నువ్వు కాస్త ఆగు నాయనా, ముందు ఇది ఖాళీ అవ్వనీ అని. డిఫాల్ట్‌గా వచ్చే అంకెలు ఇవి, మార్చుకోవచ్చు, కానీ ఆపడం అనేది మాత్రం పోదు.

ఇదేం కొత్త తెలివి కూడా కాదు. యూనిక్స్‌లోకి పైపులు (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకోటి చదివే గొట్టాలు) 1973లో వచ్చాయి, అప్పటినుంచీ పైపు నిండితే రాసేవాడు నిద్రపోవాలి, అదే రూలు. ఇవాళ్టి లినక్స్‌లో పైపు కెపాసిటీ మామూలుగా 64 కేబీ. టెర్మినల్ తెరిచి యెస్ అనే కమాండ్‌ని లెస్ అనే ఇంకో కమాండ్‌లోకి పైప్ చేసి చూడండి, యెస్ అంటే ఆపకుండా వై వై వై అని ప్రింట్ చేస్తూ పోయే ప్రోగ్రామ్, దానికి అంతు లేదు, అయినా మీ మెషీన్ మెమరీ నిండిపోదు, ఎందుకంటే లెస్ ఒక స్క్రీన్‌కి సరిపడా చదివి ఆగింది, పైపు నిండింది, యెస్ నిద్రపోయింది. ఎవరూ ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు ఇందుకోసం. నెట్‌వర్క్‌లో డేటా పంపే టీసీపీ కూడా అంతే, 1981 నాటి స్పెసిఫికేషన్‌లోనే విండో అని ఒకటి ఉంది, తీసుకునేవాడు "నా దగ్గర చోటు ఇంతే" అని చెప్తాడు, సున్నా అంటే పంపేవాడు ఆపేయాలి. కింద ఉన్న అన్ని పొరలకీ దశాబ్దాల క్రితమే తెలిసిన సంగతి ఇది. పైనున్న మనమే దాన్ని తీసి పక్కన పెట్టాం.

వరి కోతల టైంలో పొలం దగ్గరికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, కోత మిషన్ ట్యాంకు నిండాక ట్రాక్టర్ ఇంకా రాకపోతే మిషన్ అక్కడే ఆగిపోతుంది, గంటకి ఇంత అని కిరాయి నడుస్తున్నా సరే, డ్రైవర్ దిగి నీళ్ళు తాగుతాడు. ధాన్యాన్ని నేల మీద పోసుకుంటూ కోత సాగించేవాడు ఎవడూ ఉండడు. మన కోడ్‌లో మాత్రం అలా పోసుకుంటూ పోయేవి బోలెడు కనిపిస్తాయి.

నాకు బాగా తెలిసిన ఒక కేసు చెప్తా, కంపెనీ పేరు అనవసరం. రిపోర్ట్ డౌన్‌లోడ్ బటన్. నొక్కితే డేటాబేస్‌లో నుంచి లక్షల వరసలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) వస్తాయి. రాసింది నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది), రాసినవాళ్ళు మంచివాళ్ళే, మొత్తం మెమరీలోకి లాగకూడదని తెలుసు కాబట్టి కర్సర్ పెట్టి ఒక్కో వరసా అవెయిట్ చేస్తూ చదివి రెస్పాన్స్‌లోకి రైట్ చేస్తున్నారు. చూడ్డానికి స్ట్రీమింగ్ అంటే ఇదే కదా అనిపిస్తుంది. లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది, ఎందుకు చేయదు, డౌన్‌లోడ్ చేసేవాడు కూడా అదే లాప్‌టాప్‌లో ఉన్నాడు. ప్రొడక్షన్‌లో మాత్రం నెలాఖరుకి కంటైనర్లు (మెమరీకి పరిమితి పెట్టి ప్రోగ్రామ్‌ని నడిపే డబ్బాలు) ఒకటొకటిగా రాలిపోవడం, మెమరీ పెంచడం, మళ్ళీ రాలిపోవడం.

లెక్క వేసుకోండి. డేటాబేస్ నుంచి సెకనుకి 40 ఎంబీ వస్తోందనుకుందాం, అవతల ఎక్కడో ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసేవాడికి సెకనుకి 1 ఎంబీ పోతోందనుకుందాం. మిగతా 39 ఎంబీ ఏ ఆకాశంలోకీ పోదు, ప్రాసెస్ మెమరీలోనే కూర్చుంటుంది. 1 జీబీ కంటైనర్ అర నిమిషంలోపు నిండుతుంది, 4 జీబీ చేస్తే రెండు నిమిషాల లోపు. అంటే మెమరీ పెంచి వాళ్ళు కొనుక్కున్నది నిమిషం పైచిలుకు. పైగా ఆ ఒక్క స్లో ఫోన్ కోసం అదే ప్రాసెస్‌లో ఉన్న మిగతా అందరి రిక్వెస్టులూ చచ్చాయి. చదివే వైపు అవెయిట్ ఉంది, రాసే వైపు లేదు, జబ్బు మొత్తం అదే.

"మరి నోడ్ చెప్తుంది కదా" అంటారు కొందరు. చెప్తుంది, నిజమే. రైట్ ఫంక్షన్ బఫర్ నిండిందనుకుంటే ఫాల్స్ అని రిటర్న్ చేస్తుంది, అప్పుడు మనం ఆగి, డ్రెయిన్ అనే ఈవెంట్ వచ్చాక మళ్ళీ రాయాలి. ఆ నిండింది అనే గీతని హైవాటర్‌మార్క్ అంటారు, చాలాకాలం 16 కేబీ ఉండేది, 2024లో వచ్చిన నోడ్ 22తో 64 కేబీ చేశారు. కానీ అది గీత మాత్రమే, గోడ కాదు. ఫాల్స్ వచ్చాక కూడా మీరు రాస్తూ పోతే తీసుకుంటూనే ఉంటుంది, 64 కేబీ గీత దాటి 1 జీబీ దాకా మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. అసలు రైట్ అనే ఫంక్షన్ రిటర్న్ వాల్యూని చూసే అలవాటు మనలో ఎంతమందికి ఉంది చెప్పండి. ఎర్రర్ కాదు, ఎక్సెప్షన్ కాదు, వార్నింగ్ కూడా కాదు, ఒక బూలియన్ (అవునా కాదా అనే విలువ), దాన్ని పట్టించుకోకపోతే టెస్టులన్నీ పాస్. ప్రమాదాన్ని ఒక బూలియన్‌లో పెట్టి డాక్యుమెంటేషన్‌లో రాశాం కదా అనడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. నోడ్‌లోనే ఉన్న పైప్ అనే ఫంక్షన్ వాడితే ఈ ఆగడం అదే చూసుకుంటుంది కానీ మధ్యలో చదివే స్ట్రీమ్ చచ్చిపోతే రాసే స్ట్రీమ్‌ని మూయదు, అది అలా తెరుచుకునే ఉంటుంది. 2018లో నోడ్ 10తో పైప్‌లైన్ అనే ఫంక్షన్ వచ్చాకే ఆగడం, మూయడం రెండూ కలిసి సరిగ్గా జరగడం మొదలైంది. 2009లో మొదలైన ప్రాజెక్టు, ఐఓ (డేటా చదవడం, రాయడం) కోసం బ్లాక్ అవ్వకూడదు అనేదే దాని పునాది, సరిగ్గా రాయడానికి సులువైన దారి మాత్రం తొమ్మిదేళ్ళకి వచ్చింది.

పైథాన్ కథ ఇంకా విచిత్రం. దాని ఎసింక్ఐఓ లైబ్రరీలో స్ట్రీమ్‌రైటర్‌కి రైట్ ఉంది, కానీ అది కోరొటీన్ (అవెయిట్ చేయగలిగే ఫంక్షన్) కాదు, మామూలు ఫంక్షన్, పిలవగానే తిరిగొచ్చేస్తుంది. ఆగాలంటే పక్కనే డ్రెయిన్ అని ఇంకోటి ఉంది, దాన్ని అవెయిట్ చేయాలి. డ్రెయిన్ మర్చిపోతే ఏమవుతుంది? ఏమీ అవ్వదు, కోడ్ నడుస్తుంది, మెమరీ పెరుగుతుంది. డ్రెయిన్ చేసినా అది మొత్తం పంపేదాకా ఆగుతుందా అంటే అదీ కాదు, బఫర్ 64 కేబీ లోపు ఉంటే అసలు ఆగనే ఆగదు, అంతకుమించి ఉంటే నాలుగో వంతుకి అంటే 16 కేబీకి దిగేదాకా ఆగుతుంది. రెండు ఫంక్షన్లు ఎందుకు, రైట్‌నే అవెయిట్ చేయించి ఉంటే సరిపోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాల్‌బ్యాక్‌ల కాలంలో వేసిన ప్లాన్ మీద అవెయిట్ వచ్చాక గోడలు లేపారు, అందుకే అలా ఉంది. ఇప్పుడు మార్చలేరు.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్‌నెట్‌ని తిట్టడం మనవాళ్ళకి సరదా కానీ ఈ విషయంలో నేను వాళ్ళ వైపే. రైట్‌ఎసింక్ పిలిచి, అవెయిట్ చేయకుండా అదే స్ట్రీమ్‌రైటర్ మీద ఇంకో రైట్ మొదలుపెడితే, మొదటిది ఇంకా నడుస్తుంటే, అది నోరు మూసుకుని కలిపేయదు, ఎక్సెప్షన్ విసురుతుంది, ఇంతకుముందు పని ఇంకా అవ్వలేదు అని. ఇదీ మర్యాద అంటే. నోడ్‌లో ఫైల్‌కి రాసే ఎఫ్ఎస్ రైట్‌ని కాల్‌బ్యాక్ రాకముందే ఒకే ఫైల్ మీద మళ్ళీ మళ్ళీ పిలవడం సేఫ్ కాదని డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం ఉంటుంది, కోడ్ మాత్రం ఆపదు. లక్ష వరసలని మ్యాప్ చేసి లక్ష ప్రామిస్‌లు పుట్టించి, అన్నీ అయ్యేదాకా చూసే ప్రామిస్ డాట్ ఆల్‌కి ఇచ్చే కోడ్ మీరూ చూసే ఉంటారు, అవెయిట్ ఒకటుంది కదా అని ధైర్యం. ఆ అవెయిట్ అన్నీ మొదలయ్యాక చివర్లో ఉంది, అది ఎవర్నీ ఆపట్లేదు.

ఇంకో భ్రమ కూడా ఉంది, ఎసింక్ ఫైల్ రైట్ అంటే ఓఎస్ లోపల ఏదో మాయ జరుగుతుందని. నోడ్‌లో ఫైల్ రైట్ అంటే లిబ్‌యూవీ అనే లైబ్రరీ దాన్ని ఒక థ్రెడ్ పూల్‌లో (పని కోసం సిద్ధంగా ఉండే థ్రెడ్ల గుంపు) వేసి అక్కడ మామూలు సింక్ రైట్ చేయించడం. ఆ పూల్‌లో డిఫాల్ట్‌గా ఉండేవి 4 థ్రెడ్లు. మీ ఫైల్ ఒక నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉండి అది బిగుసుకుపోయిందనుకోండి, నాలుగు రైట్లు నాలుగు థ్రెడ్లనీ పట్టుకుని కూర్చుంటాయి. తమాషా ఏంటంటే హోస్ట్ పేరుని ఐపీగా మార్చే మామూలు డీఎన్ఎస్ లుకప్ కూడా అదే పూల్‌లో నడుస్తుంది, కాబట్టి ఫైల్‌తో ఏ సంబంధం లేని పేమెంట్ ఏపీఐ కాల్ హఠాత్తుగా టైమౌట్ అవుతుంది, డాష్‌బోర్డ్ చూసినవాళ్ళు నెట్‌వర్క్ టీమ్‌ని తిడతారు. డాట్‌నెట్‌లో కూడా ఫైల్‌స్ట్రీమ్‌ని ఎసింక్ ఫ్లాగ్ లేకుండా తెరిస్తే రైట్‌ఎసింక్ అనేది పూల్ థ్రెడ్‌లో సింక్‌గా రాయడమే. లినక్స్‌లో పాత ఏఐఓ అనే ఎసింక్ ఏర్పాటు ఓ-డైరెక్ట్‌తో (పేజ్ కాష్‌ని తప్పించే పద్ధతి) తప్ప సరిగ్గా ఎసింక్ అయ్యేది కాదు, 2019లో కెర్నెల్ 5.1తో ఐఓ-యూరింగ్ వచ్చాకే మామూలు ఫైళ్ళకి కూడా పని ఒక క్యూలో పెట్టి, జవాబు ఇంకో క్యూలో తీసుకునే దారి దొరికింది. అక్కడ కూడా చూడండి, రెండు క్యూలకీ సైజు ఉంది, ముందే చెప్పాలి.

ఇక ఎర్రర్ల సంగతి. నా దృష్టిలో మెమరీ కన్నా పెద్ద సమస్య ఇదే, ఎందుకంటే మెమరీ నిండితే కనీసం ప్రాసెస్ చచ్చి గోల చేస్తుంది. ఎసింక్‌గా రాసినప్పుడు తప్పు జరిగే టైమూ, తప్పు తెలిసే టైమూ వేరు. లినక్స్‌లో స్లాష్ డెవ్ స్లాష్ ఫుల్ అని ఒక పరికరం ఉంది, దాంట్లోకి ఏం రాసినా డిస్క్ నిండిపోయింది అని ఎర్రర్ ఇస్తుంది, అంతకుమించి పనేం చేయదు. మీకు వచ్చిన భాషల్లో హలో వరల్డ్ రాసి దాని ఔట్‌పుట్‌ని దీంట్లోకి మళ్ళించి చూడండి. సీలో మామూలు ప్రింట్ఎఫ్ ప్రోగ్రామ్ ఏమీ అనకుండా ఎగ్జిట్ కోడ్ 0 ఇచ్చి వెళ్ళిపోతుంది, అంటే విజయం! జావా కూడా అంతే, సిస్టమ్ డాట్ అవుట్ అనేది ప్రింట్‌స్ట్రీమ్, అది ఐఓ ఎక్సెప్షన్‌ని మింగేసి ఒక జెండా ఎత్తి పెడుతుంది, చెక్‌ఎర్రర్ అని మనం వెళ్ళి అడిగితే చెప్తుంది, ఎవరడుగుతారు. పైథాన్ 3 చివర్లో ఫ్లష్ చేస్తూ గుర్తుపట్టి 120తో బయటికొస్తుంది. రస్ట్‌లో ప్రింట్‌లైన్ అక్కడికక్కడే ప్యానిక్ అవుతుంది, అంటే ఎర్రర్ చెప్పి కుప్పకూలుతుంది. నాలుగు భాషలు, ఒకే తప్పు, రెండింటికి అసలు తెలియనే తెలియలేదు. వీటిలో ఎసింక్ అనే పదం ఎక్కడా లేదు, మధ్యలో ఒక బఫర్ ఉంది అంతే.

ఇది హలో వరల్డ్‌తో ఆగితే నవ్వుకుని వదిలేయొచ్చు. 2018లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాళ్ళకి ఇదే జబ్బు కెర్నెల్ లెవెల్లో ఎదురైంది. డర్టీ పేజీలని వెనకాల డిస్క్‌కి రాస్తున్నప్పుడు డిస్క్ ఎర్రర్ ఇచ్చింది, కెర్నెల్ ఆ పేజీలని క్లీన్ అని గుర్తు పెట్టేసింది, తర్వాత ఎఫ్‌సింక్ పిలిస్తే ఒకసారి ఎర్రర్ చెప్పింది. పోస్ట్‌గ్రెస్ ఏమో ఫెయిల్ అయింది కదా మళ్ళీ ట్రై చేద్దాం అని రెండోసారి ఎఫ్‌సింక్ పిలిచింది, ఈసారి సక్సెస్, ఎందుకంటే రాయాల్సిన డర్టీ పేజీలే లేవు మరి. చెక్‌పాయింట్ (ఇప్పటిదాకా మార్పులన్నీ డిస్క్‌కి చేర్చడం) పూర్తయిందనుకుంటారు, డేటా మాత్రం డిస్క్ మీద లేదు. ప్రపంచంలో డేటా విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే టీమ్ కూడా ఇన్నేళ్ళూ అలాగే నమ్మింది. 2019 ఫిబ్రవరి రిలీజుల్లో పద్ధతి మార్చారు, ఎఫ్‌సింక్ ఒక్కసారి ఫెయిల్ అయితే మళ్ళీ ప్రయత్నించదు, సర్వర్ మొత్తం ప్యానిక్ అయి పడిపోయి, లేచి, లాగ్ (మార్పుల చిట్టా) నుంచి మళ్ళీ రాసుకుంటుంది. ఆలస్యంగా వచ్చిన ఎర్రర్‌ని ఏ రైట్‌కి ముడిపెట్టాలో తెలియనప్పుడు అంతకన్నా చేసేది కూడా ఏమీ లేదు.

మన రోజువారీ కోడ్‌లో దీని రూపం వేరు. పని అయిపోయింది, ప్రాసెస్ డాట్ ఎగ్జిట్ పిలిచాం, చివరి కొన్ని లైన్లు ఫైల్‌లో లేవు. నోడ్‌లో ఎస్‌టీడీఅవుట్‌కి (ప్రోగ్రామ్ మామూలుగా ప్రింట్ చేసే చోటు) రాయడం కొన్నిసార్లు సింక్, కొన్నిసార్లు ఎసింక్, అవతల టెర్మినల్ ఉందా పైపు ఉందా, ఓఎస్ ఏంటి అన్నదాన్ని బట్టి మారుతుంది, అందుకే మీ మెషీన్‌లో కనిపించిన లైను ఇంకెక్కడో కనిపించదు. రస్ట్‌లో టోకియో అనే ఎసింక్ లైబ్రరీతో ఫైల్‌కి రాసి ఫ్లష్ చేయకుండా వదిలేస్తే వెనకాల థ్రెడ్‌లో జరుగుతున్న రైట్ పూర్తయిందో లేదో మనకి తెలియదు, స్కోప్ దాటిపోయింది కదా ఫైల్ మూసుకుపోయి ఉంటుందిలే అనుకుంటాం. డాట్‌నెట్‌లో ఇంకో వింత, రైట్లన్నీ చక్కగా అవెయిట్ చేసి చివర్లో యూజింగ్ బ్లాక్ (పని అయ్యాక స్ట్రీమ్‌ని దానంతటదే మూసే ఏర్పాటు) మూయగానే డిస్పోజ్ వెళ్ళి మిగిలిన బఫర్‌ని సింక్‌గా ఫ్లష్ చేస్తుంది, డాట్‌నెట్ వెబ్ భాగమైన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి సర్వర్ సింక్ రైట్‌ని డిఫాల్ట్‌గా ఒప్పుకోదు, కాబట్టి రెస్పాన్స్‌కి రాస్తుంటే అక్కడ ఎక్సెప్షన్. అవెయిట్ యూజింగ్ అని అదే 2019లో పెట్టింది ఇలాంటి వాటి కోసమే. మూయడం కూడా ఒక రైటే, దాన్నీ అవెయిట్ చేయాలి, దానికీ ఎర్రర్ రావచ్చు.

తెలుగు రాసేవాళ్ళకి ఇందులో అదనంగా ఒక కష్టం ఉంది, ఇంగ్లీషు డేటాతో టెస్ట్ చేసినంత కాలం బయటపడదు. స్ట్రీమ్‌కి అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా మార్చే పద్ధతి) తెలుగు యూనికోడ్ గుర్తు ప్రతిదీ 3 బైట్లు, అచ్చులు హల్లులు గుణింతాలు పొల్లు అన్నీ. "తెలుగు" అంటే 6 గుర్తులు, 18 బైట్లు. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 6 అంటుంది, ఆ 6ని కంటెంట్ లెంగ్త్‌గా (ఇన్ని బైట్లు వస్తాయి అని ముందే చెప్పే అంకె) పెట్టి పంపితే అవతలివాడు 6 బైట్లు చదివి ఆపేస్తాడు, వాడికి దక్కేది "తె". స్త్రీ అనే ఒక్క అక్షరం 18 బైట్లు. ఇక మామూలు బఫర్ సైజులు రెండుని రెండుతో గుణిస్తూ పోతే వచ్చే అంకెలు కదా, 4096, 8192, 16384, 65536, వీటిలో ఏదీ 3తో భాగించబడదు, ఎప్పటికీ. ఖాళీలూ కామాలూ లేని శుద్ధ తెలుగు 16384 బైట్ల ముక్కలుగా తెగితే 5461 గుర్తులు పట్టి ఒక బైటు మిగులుతుంది, ఆ ఒక్క బైటు తర్వాతి గుర్తులో మొదటి ముక్క. ముక్క వచ్చినప్పుడల్లా దాన్ని స్ట్రింగ్‌గా మార్చి అతికించే కోడ్‌లో అక్కడ ప్రశ్న గుర్తు ఉన్న నల్ల డైమండ్లు వస్తాయి. పార్షియల్ రైట్ (ఇచ్చిన బైట్లలో కొన్నే తీసుకోవడం) కూడా ఇంతే, సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌లో మన వైపు కొస) "ఇన్ని బైట్లు తీసుకున్నా" అని చెప్పిన అంకెని అక్షరాల లెక్క అనుకుని స్ట్రింగ్‌ని అక్కణ్ణుంచి కోస్తే మధ్యలో వాక్యాలే ఎగిరిపోతాయి.

ఈమధ్య ఏఐ చాట్ యాప్‌లు జవాబుని ముక్కలు ముక్కలుగా స్ట్రీమ్ చేస్తున్నాయి కాబట్టి ఇది మళ్ళీ తెరమీదకొచ్చింది, తెలుగులో అడిగితే మధ్యమధ్యలో ఆ డైమండ్లు మెరిసి మాయమవడం మీరూ చూసి ఉంటారు. జావాస్క్రిప్ట్‌లో బైట్లని అక్షరాలుగా మార్చే టెక్స్ట్‌డీకోడర్‌కి స్ట్రీమ్ అనే ఆప్షన్ ఉంది, పెడితే సగం బైట్లని పక్కన పెట్టుకుని మిగతావి వచ్చాక కలుపుతుంది. అక్కడితో బైట్ల గొడవ తీరుతుంది కానీ "స్" ముందొచ్చి "త్రీ" తర్వాతొస్తే పొల్లు కనిపించి వత్తుగా మారే ఆ గెంతు మాత్రం ఉంటుంది, పూర్తి అక్షరం అయ్యేదాకా చూపించకుండా పట్టుకుంటే అదీ పోతుంది. అంటే మళ్ళీ ఎవరో ఒకరు ఆగాలి.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. ప్రతి రైట్ దగ్గరా ఆగితే థ్రెడ్ వేస్ట్ కదా, పదివేల కనెక్షన్లుంటే పదివేల థ్రెడ్లు పెట్టలేం కదా, అందుకే కదా ఈవెంట్ లూప్ (ఒకే థ్రెడ్ అందరి పనులూ వంతులవారీగా చూసే పద్ధతి) కనిపెట్టింది అని. ఆ రోజుల్లో నిజమే. కానీ ఆగాల్సింది ఆ రిక్వెస్ట్ పని, థ్రెడ్ ఆగక్కర్లేదు, ఈ రెంటినీ ఒకటే అనుకోవడంతోనే చిక్కంతా వచ్చింది. గో భాషలో రైట్ పిలిస్తే కోడ్ అక్కడే ఆగినట్టు ఉంటుంది, కింద గోరొటీన్ (గోలో థ్రెడ్ కన్నా తేలికైన పని) పక్కకి జరిగి థ్రెడ్ ఇంకొకరి పని చూసుకుంటుంది, సాకెట్ రాయడానికి రెడీ అయ్యాక మళ్ళీ అక్కణ్ణుంచే మొదలు. పైగా ఇచ్చినదానికన్నా తక్కువ రాస్తే ఎర్రర్ ఇవ్వాల్సిందే అని అక్కడ రైటర్ ఒప్పందంలోనే ఉంది. జావా వాళ్ళు 2023లో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు తెచ్చి ఇదే దారికి వచ్చారు, 1996 నాటి ఔట్‌పుట్‌స్ట్రీమ్ మళ్ళీ గౌరవంగా వాడుకోవచ్చు. పైన చెప్పిన సీఎస్‌వీ కేసు గోలో రాసి ఉంటే తెలియనివాడు రాసినా మెమరీ పెరిగేది కాదు, వాడికి బ్యాక్‌ప్రెషర్ (అవతల నిండితే ఇవతల ఆగడం) అనే పదం కూడా తెలియాల్సిన పని లేదు. డిఫాల్ట్ అంటే అలా ఉండాలి. అవెయిట్ ఉన్న భాషల్లో కూడా ఒక్క అవెయిట్ పెట్టి, బఫర్‌లో చోటు లేకపోతే అక్కడే ఆగేలా చేస్తే చాలు, థ్రెడ్ ఏమీ వేస్ట్ అవ్వదు.

ఇక ఆగక్కర్లేని చోట్లు. పోస్ట్‌గ్రెస్‌లోనే సింక్రనస్ కమిట్ అనే సెట్టింగ్ ఉంది, ఆఫ్ చేస్తే లాగ్ డిస్క్‌కి చేరకముందే కమిట్ అయింది అని జవాబిస్తుంది. ఇది చూసి నేనేం గుండెలు బాదుకోను, ఎందుకంటే ఏం పోతుందో ఎంత పోతుందో రాసిపెట్టారు: సర్వర్ పడిపోతే వాల్ రైటర్ డిలేకి (లాగ్‌ని డిస్క్‌కి తోసే రెండు సార్ల మధ్య విరామం) మూడు రెట్లలోపు, అంటే డిఫాల్ట్ 200 మిల్లీసెకన్లయితే 600 మిల్లీసెకన్లలోపు జరిగిన కమిట్లు పోవచ్చు, డేటాబేస్ మాత్రం పాడవ్వదు. పైగా ట్రాన్సాక్షన్‌కి ట్రాన్సాక్షన్ మార్చుకోవచ్చు, పేజీ వ్యూలు లెక్కపెట్టే ట్రాన్సాక్షన్లకి ఆఫ్, డబ్బులు కదిలే ట్రాన్సాక్షన్లకి ఆన్. డిఫాల్ట్ ఏమో ఆన్. కావాలని, కళ్ళు తెరుచుకుని ఆఫ్ చేసేవాడిదే బాధ్యత.

లాగింగ్ (ప్రోగ్రామ్ తను చేస్తున్నది లైను లైనుగా రాసిపెట్టడం) ఇంకో చోటు. రిక్వెస్ట్ మధ్యలో లాగ్ లైను కోసం డిస్క్ దగ్గర నిలబడటం నాకూ ఇష్టం లేదు. జావా లాగింగ్ లైబ్రరీ లాగ్‌4జే 2లో ఎసింక్ లాగర్లు ఒక రింగ్ బఫర్ (గుండ్రంగా తిరిగి వాడుకునే బఫర్) మీద నడుస్తాయి, స్లాట్లు ముందే ఫిక్స్, నిండితే డిఫాల్ట్‌గా అప్లికేషన్ థ్రెడ్ ఆగుతుంది, పారేయమంటే ఏ లెవెల్ దాకా పారేయాలో విడిగా కాన్ఫిగర్ చేయాలి. సైజు ఉంది, నిండితే ఏం జరుగుతుందో ఉంది, పోగొట్టుకునేది మనం అడిగితేనే. ఎసింక్ రైట్ అని ఎవరు కోడ్ తెచ్చినా రివ్యూలో నేను చూసేవి కూడా ఇవే, వేగం గురించి అసలు అడగను.

కాకపోతే లాగ్‌లకి ఒక దరిద్రం ఉంది, ప్రాసెస్ కుప్పకూలినప్పుడు బఫర్‌లో మిగిలిపోయేవి సరిగ్గా ఆఖరి లైన్లే, ఎందుకు కుప్పకూలిందో చెప్పేవి అవే. అందుకని ఇన్‌ఫో, డీబగ్ లాంటివన్నీ రింగ్ బఫర్‌కి వదిలేసి, ఫేటల్ ఎర్రర్లు మాత్రం ఎస్‌టీడీఎర్‌కి (ఎర్రర్ల కోసం ఉన్న ఔట్‌పుట్) సింక్‌గా రాయిస్తాను. ఆ లైను పైపులోకో ఫైల్‌లోకో దిగాకే ప్రాసెస్ చావాలి, ఆ టైంలో కొన్ని మిల్లీసెకన్లు లేటయినా ఎవరికీ నష్టం లేదు.